ముద్దాయి పక్షపు వకీలు: కెనడా ప్రధాని జాన్ డీఫెన్‌బేకర్

1958 మార్చి 31న జరిగిన సాధారణ ఎన్నికల్లో కెనడా ప్రజలు కామన్స్ సభలోని 265 స్థానాలకు గాను 208 స్థానాలను ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీకి కట్టబెట్టారు. అంతటి సంఖ్యాబలం ఆ దేశ చరిత్రలో అంతకుముందు ఏ పార్టీకీ దక్కలేదు. ఐదేళ్లు నిండకముందే, 1963 ఫిబ్రవరి 5న, అదే ప్రధానమంత్రి నడుపుతున్న ప్రభుత్వం సభలో 111కు ప్రతిగా 142 ఓట్లతో కూలిపోయింది. ఓడలు బండ్లు కావడం ప్రజాస్వామ్యాలకు కొత్త కాదు గాని, ఇంత త్వరగా, ఇంత సంపూర్ణంగా జరగడం అరుదు. దీనికి కారణాలను అన్వేషించిన చరిత్రకారుల్లో కొందరు నాయకుని శంకాశీలాన్ని, కొందరు శీతల యుద్ధకాలపు ఒత్తిళ్లను, మరికొందరు మంత్రివర్గ నిర్వహణలోని లోపాలను ఎత్తిచూపారు. ఆ కారణాలన్నిటికీ బలం ఉంది. అయితే వాటిని ఒక్క దారంలో గుచ్చగల సూత్రం ఆయన పూర్వవృత్తిలో దొరుకుతుంది. జాన్ జార్జ్ డీఫెన్‌బేకర్ ప్రధాని కావడానికి ముందు దీర్ఘకాలం ముద్దాయిల తరఫున వాదించిన వకీలు. అధికార పీఠం ఎక్కిన తర్వాత కూడా ఆయన మనసు ఆ వాదనపీఠాన్ని విడిచిపెట్టలేదు. ఆయన సాధించిన మేలు, చేసిన కీడు రెండింటికీ మూలం అక్కడే ఉంది.

ఆయన 1895 సెప్టెంబర్ 18న ఒంటారియో రాష్ట్రంలోని నాయ్‌స్టాట్ అనే చిన్న ఊళ్లో జన్మించాడు. తండ్రి విలియం బడిపంతులు, జర్మన్ సంతతివాడు. తల్లి మేరీ స్కాట్లాండ్ కొండసీమల నుంచి వలస వచ్చిన వంశానికి చెందినది. 1903లో ఆ కుటుంబం పశ్చిమానికి కదిలి, రెండేళ్ల తర్వాత సస్కాచువాన్ రాష్ట్రంగా అవతరించనున్న గడ్డి మైదానాలకు చేరుకుంది. నామమాత్రపు రుసుము పుచ్చుకుని సర్కారు ఇచ్చే 160 ఎకరాల బీడును సాగులోకి తెచ్చి, సుదీర్ఘమైన శీతకాలాలను చిన్న చెక్క ఇంట్లో గడిపిన వలస కుటుంబాల్లో అదీ ఒకటి. ఉక్రెయిన్ నుంచీ, జర్మనీ నుంచీ, స్కాండినేవియా నుంచీ వచ్చిన రైతులు అక్కడ ఇరుగుపొరుగు. ఆంగ్లేయ, ఫ్రెంచి సంతతుల వారే దేశానికి అసలు వారసులనే భావన ప్రబలంగా ఉన్న రోజుల్లో, తన పేరు వినగానే ఎదుటివారి ముఖంలో కదలాడే సందేహాన్ని బాల్యం నుంచీ చూసిన వాడికి, పౌరులందరికీ ఒకే కొలత ఉండాలన్న పట్టుదల పుస్తకాల వల్ల కలిగింది కాదు. వంశమూలాన్ని బట్టి మనుషులకు విశేషణాలు తగిలించని 'ఒకే కెనడా' అనే ఆయన జీవితకాల నినాదానికి అదే పునాది.

1910 జూలైలో నాటి ప్రధాని సర్ విల్ఫ్రిడ్ లోరియర్ సస్కాచువాన్ విశ్వవిద్యాలయ శంకుస్థాపనకు సస్కటూన్ వచ్చినప్పుడు, రైల్వే స్టేషన్ వద్ద తాను ఆయనకు పత్రిక అమ్మాననీ, కాసేపు ముచ్చటించాక, ఇంకా అమ్మవలసిన పత్రికలున్నాయంటూ తానే సెలవు తీసుకున్నాననీ డీఫెన్‌బేకర్ తర్వాతి కాలంలో పదేపదే చెప్పుకునేవాడు. ఆ సంభాషణ సరిగ్గా అలాగే జరిగిందా అన్న విషయంలో చరిత్రకారులకు సందేహాలున్నాయి. కాని తన జీవితాన్ని ఒక కథగా మలచి శ్రోతల ముందుంచే నేర్పు ఆయనకు ఎంత సహజమో ఆ వృత్తాంతం తెలుపుతుంది. న్యాయస్థానంలో జ్యూరీని మెప్పించినదీ, ఎన్నికల సభల్లో వేలాది మందిని కదిలించినదీ ఆ నేర్పే.

మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరి ఇంగ్లండ్ వరకు వెళ్లిన ఆయన, రణరంగాన్ని చేరకముందే అనారోగ్య కారణంగా వెనుదిరిగి, న్యాయశాస్త్ర పట్టా పొంది, 1919లో వాకా అనే పల్లెలో వకీలుగా బోర్డు కట్టాడు. ఐదేళ్ల తర్వాత ప్రిన్స్ ఆల్బర్ట్ పట్టణానికి మకాం మార్చాడు. ఆయన కక్షిదారుల్లో అధికులు ఆంగ్లం అరకొరగా వచ్చిన వలస రైతులు, ఫీజు ఇచ్చుకోలేని పేదలు. పాఠశాలలో ఫ్రెంచి బోధన సాగనిచ్చారన్న నేరంపై శిక్షపడిన ఇద్దరు ఫ్రెంచి ధర్మకర్తల పక్షాన 1922లో వాదించి, అప్పీలులో వారిని గెలిపించాడు. ఇటువంటి వ్యక్తి రాజకీయంగా ఎంచుకున్నది, ఆ మైదానాల్లో దాదాపు ఉనికి లేని కన్సర్వేటివ్ పార్టీని. అందులో కొంత సాహసం, కొంత మొండితనం కనిపిస్తాయి. 1925లోనూ 1926లోనూ పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయాడు. రెండోసారి ప్రత్యర్థి సాక్షాత్తూ లిబరల్ పార్టీ నాయకుడు మెకంజీ కింగ్. 1929లో రాష్ట్ర శాసనసభకు, 1933లో ప్రిన్స్ ఆల్బర్ట్ మేయరు పదవికి పోటీచేసి పరాజితుడయ్యాడు. 1938లో రాష్ట్ర పార్టీ నాయకుడిగా ఎన్నికలకు వెళితే పార్టీకి ఒక్క స్థానమైనా రాలేదు. 1920ల చివర ఆ రాష్ట్రంలో ఆ పార్టీ ప్రచారంలో క్యాథలిక్కుల పట్ల, ఫ్రెంచి భాష పట్ల వైరభావం బాహాటంగా వినిపించిన మాట నిజం. ఆయన ఆ పార్టీలోనే కొనసాగిన మాటా నిజం. న్యాయస్థానంలో అల్పసంఖ్యాకుల పక్షాన నిలిచిన వాడు రాజకీయ వేదికపై ఆనాడు అంతే స్పష్టంగా నిలవలేదన్న విమర్శను తోసిపుచ్చడానికి వీలులేదు.

1940లో లేక్ సెంటర్ నియోజకవర్గం ఆయనను తొలిసారిగా కామన్స్ సభకు పంపింది. అప్పటికి వయసు నలభై నాలుగు. యుద్ధకాలంలో ప్రభుత్వం చేజిక్కించుకున్న అసాధారణ అధికారాల నడుమ పౌరుని హక్కులకు రక్ష ఏదని అడిగిన కొద్ది గొంతుల్లో ఆయనది ఒకటి. 1946లో పౌరసత్వ బిల్లుపై చర్చ సాగినప్పుడు, దేశానికి హక్కుల చట్టం కావాలని ఆయన గట్టిగా వాదించాడు. పార్టీ నాయకత్వానికి 1942లోనూ 1948లోనూ ప్రయత్నించి విఫలుడైనా, ప్రభుత్వ పక్షాన్ని ప్రశ్నలతో నిలదీయడంలో ఆయనకు సాటి లేదన్న పేరు స్థిరపడింది. ఒక చేయి నడుముపై ఉంచి, రెండో చేతి చూపుడువేలును ఎదుటి బల్లల వైపు ఎత్తి, అడ్డ ప్రశ్న వేసే వకీలు బాణీలోనే ఆయన సభలో మాట్లాడేవాడు.

ఆ బాణీని దగ్గర నుంచి చూడాలంటే 1951 నాటి ఒక విచారణను స్మరించాలి. అంతకుముందు ఏడాది నవంబర్ 21న బ్రిటిష్ కొలంబియాలోని కనూ రివర్ వద్ద, కొరియా యుద్ధానికి బయలుదేరిన సైనికుల రైలు ఎదురుగా వస్తున్న ప్రయాణికుల బండిని ఢీకొనగా 21 మంది మరణించారు. వారిలో 17 మంది సైనికులు, నలుగురు ఇంజిను సిబ్బంది. సైనికుల బండికి అందిన ఆదేశపత్రంలో, ఎదురుబండిని సీడర్‌సైడ్ వద్ద దాటాలని సూచించే రెండే రెండు మాటలు లోపించాయి. ఆ ఆదేశాన్ని తంతిపై విని రాసుకున్న యువ ఉద్యోగిపై నేరం మోపారు. ఆ కుర్రవాని పక్షాన నిలవమని డీఫెన్‌బేకర్‌ను కోరినది, రక్తక్యాన్సరుతో మరణశయ్యపై ఉన్న ఆయన భార్య ఎడ్నా. ఆమె 1951 ఫిబ్రవరిలో కన్నుమూసింది. ఆ రాష్ట్రంలో వాదించే అర్హత కోసం 1,500 డాలర్లు చెల్లించి, మే నెలలో ఆయన ప్రిన్స్ జార్జ్ న్యాయస్థానంలో నిలబడ్డాడు. మంచు కప్పిన తీగలపై ఒక పక్షి చేపను జారవిడిచినందువల్ల వార్తాప్రసారానికి అంతరాయం కలిగిన పూర్వ సంఘటనను ముందుకు తెచ్చి, ఆ రెండు మాటలు చెవిన పడకపోవడానికి వినేవాని అజాగ్రత్తే కారణం కానక్కరలేదని చూపించాడు. సైనికులను చెక్కతో కట్టిన పాత పెట్టెల్లో కూర్చోబెట్టి, వాటికి ముందూ వెనుకా ఉక్కు పెట్టెలు తగిలించిన సంగతిని ప్రశ్నల రూపంలో జ్యూరీ చెవిన వేశాడు. ఈ కేసు సైనికుల మరణాలకు సంబంధించినది కాదని ప్రాసిక్యూషన్ న్యాయవాది చెప్పబోయి, వారి ప్రాణాలను చులకన చేసినట్టు ధ్వనించే మాట తూలినప్పుడు, ఆ మాటను విచారణ ముగిసే దాకా ఎవరూ మరువకుండా చూశాడు. ముద్దాయి నిర్దోషిగా విడుదలయ్యాడు. ఒక మహాసంస్థ తప్పిదాల బరువు ఒక చిరుద్యోగి భుజాన పడుతున్నప్పుడు ఆ భుజానికి తన భుజం ఆనించడం డీఫెన్‌బేకర్‌కు వృత్తిధర్మం మాత్రమే కాదు, లోకాన్ని అర్థం చేసుకునే పద్ధతి కూడా.

1956లో వాయువు గొట్టపుమార్గం బిల్లుపై చర్చను ప్రభుత్వం బలవంతంగా ముగించడంతో, 1935 నుంచి ఎడతెగక ఏలుతున్న లిబరల్ పార్టీ అహంకరించిందన్న అభిప్రాయం దేశమంతటా వ్యాపించింది. అదే ఏడాది జార్జ్ డ్రూ అనారోగ్యంతో తప్పుకోగా, డిసెంబర్‌లో కన్సర్వేటివ్ పార్టీ డీఫెన్‌బేకర్‌ను నాయకునిగా ఎన్నుకుంది. ఆ మహాసభలో తన పేరును ప్రతిపాదించడానికి గాని బలపరచడానికి గాని క్యుబెక్ ఫ్రెంచివారిని ఆయన ఎంచుకోలేదు. చిన్న విషయంగా కనిపించిన ఆ ఉపేక్షను క్యుబెక్ ప్రతినిధులు మరచిపోలేదు. 1957 జూన్ 10న జరిగిన ఎన్నికల్లో అందరి అంచనాలనూ తలకిందులు చేస్తూ కన్సర్వేటివ్‌లు 112 స్థానాలు, లిబరల్‌లు 105 స్థానాలు పొందగా, మెజారిటీ లేని ప్రభుత్వాన్ని ఆయన స్థాపించాడు. మరుసటి జనవరిలో లిబరల్ పార్టీ కొత్త నాయకుడు లెస్టర్ పియర్సన్, ఎన్నికలు లేకుండానే అధికారాన్ని తమకు అప్పగించాలని సభలో ప్రతిపాదించాడు. సుమారు రెండు గంటల సేపు సాగిన డీఫెన్‌బేకర్ ప్రత్యుత్తరం ఆ ప్రతిపాదనను తుత్తునియలు చేసింది. ఆ వేడి చల్లారకముందే వచ్చిన ఎన్నికల్లో, ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి మొరీస్ డ్యూప్లెసీ యంత్రాంగం తోడ్పాటుతో క్యుబెక్‌లో సైతం 75కు 50 స్థానాలు దక్కాయి. ఉత్తరాన మంచుసీమల దాకా విస్తరించే కొత్త కెనడాను ఆయన ప్రసంగాల్లో దర్శించిన జనం, ఒక పార్టీకి కాక ఒక స్వప్నానికి ఓటు వేశారు.

అధికారంలో ఆయన చేసిన పనులను తూచేటప్పుడు ముందుగా ఎంచవలసినవి పౌరుని స్థాయిని పెంచినవి. 1957లో ఎలెన్ ఫెయిర్‌క్లఫ్ కెనడా కేంద్ర మంత్రివర్గంలో తొలి మహిళ అయింది. ఉక్రెయిన్ సంతతికి చెందిన మైకేల్ స్టార్‌కు మంత్రి పదవి లభించింది. 1958లో కైనై జాతికి చెందిన జేమ్స్ గ్లాడ్‌స్టన్‌ను సెనేటుకు నియమించడంతో ఆదివాసులకు ఆ సభలో తొలి ప్రతినిధి ఏర్పడ్డాడు. అప్పటిదాకా ఆదివాసులలో అత్యధికులు ఒప్పందాల ద్వారా వచ్చిన హక్కులను వదులుకుంటేనే ఓటు వేయగలిగే స్థితి ఉండగా, 1960లో ఆ షరతు రద్దయింది. చిరకాలంగా ఆయన మనసులో నాటుకున్న హక్కుల చట్టం అదే ఏడాది ఆగస్టు 10న అమల్లోకి వచ్చింది. అది మామూలు శాసనం మాత్రమే. రాష్ట్రాల చట్టాలకు వర్తించదు. న్యాయమూర్తులు దానిని చాలాకాలం బెరుకుగానే ప్రయోగించారు. అయినా 1982లో రాజ్యాంగంలో చేరిన హక్కుల పత్రానికి దారి తొక్కినది ఆ చట్టమే. ఆసుపత్రి బీమా పథకం ఆరంభానికి అడ్డుగా ఉన్న షరతును తొలగించి 1958 జూలైలో దానిని అమలు చేసినదీ, సార్వజనిక వైద్యబీమాకు మార్గం సూచించిన ఎమ్మెట్ హాల్ కమిషన్‌ను 1961లో నియమించినదీ ఆయన ప్రభుత్వమే. చైనాకు గోధుమ అమ్మకాలతో మైదానప్రాంత రైతుల గాదెలు ఖాళీ అయి చేతికి సొమ్ము వచ్చింది. ఆ కృతజ్ఞతను పశ్చిమం ఆయన జీవితాంతం ఓట్ల రూపంలో చెల్లించింది.

1961 మార్చిలో లండన్‌లో జరిగిన కామన్వెల్త్ ప్రధానుల సమావేశంలో, వర్ణవివక్షను రాజ్యనీతిగా పాటించే దక్షిణాఫ్రికా సభ్యత్వం చర్చకు వచ్చింది. నెహ్రూ వంటి ఆసియా నాయకులు, ఆఫ్రికా నాయకులు ఒకవైపు, పాత శ్వేత రాజ్యాలు మరొకవైపు చీలిపోయే ప్రమాదం ఉన్న ఆ ఘట్టంలో, జాతి సమానత్వం కామన్వెల్త్ మూలసూత్రం కావాలన్న పక్షాన నిలిచిన శ్వేత ప్రధాని డీఫెన్‌బేకర్ ఒక్కడే. సభ్యత్వంలో కొనసాగడానికి పెట్టుకున్న దరఖాస్తును దక్షిణాఫ్రికా ఉపసంహరించుకుంది. ఆ న్యాయాన్నే స్వదేశంలోనూ పాటిస్తూ, 1962లో ఫెయిర్‌క్లఫ్ ప్రవేశపెట్టిన వలస నిబంధనలు, జాతిని బట్టి కాక విద్యను, వృత్తినైపుణ్యాన్ని బట్టి వలసదారులను స్వీకరించే పద్ధతికి తెర తీశాయి. బంధువులను పిలిపించుకునే విషయంలో ఆసియా, ఆఫ్రికా వాసులపై కొంత వివక్ష 1967 దాకా మిగిలే ఉంది. అయినా అంతకుముందు ఏడాదికి కొన్ని వందల మంది భారతీయులకే తెరుచుకున్న ఆ ద్వారం విశాలమైంది ఈ మార్పులతోనే. ఆ తర్వాతి దశాబ్దాల్లో టొరాంటో పరిసరాల్లో స్థిరపడిన తెలుగు ఇంజనీర్ల, వైద్యుల ప్రస్థానానికి కూడా ఆ నిబంధనలే తొలి మెట్టు.

ఇక రెండో పళ్లెం. 1959 ఫిబ్రవరి 20న ఆయన ప్రభుత్వం ఏవ్రో ఆరో యుద్ధవిమాన నిర్మాణాన్ని రద్దు చేసింది. టొరాంటో సమీపంలోని మాల్టన్ కర్మాగారంలో సుమారు 14,000 మంది ఒక్కరోజులో ఉపాధి కోల్పోయారు. తయారైన విమానాలను సైతం ముక్కలు చేశారు. పెరుగుతున్న ఖర్చు, కొనుగోలుదారుల లేమి దృష్ట్యా ఆ నిర్ణయాన్ని సమర్థించే వాదన ఉంది. అమలు చేసిన తీరును సమర్థించడం కష్టం. విమానానికి బదులుగా అమెరికా నుంచి స్వీకరించిన బోమార్క్ క్షిపణులకు అణ్వస్త్రాలు అమరిస్తే తప్ప ప్రయోజనం లేదు. అణ్వస్త్రాలను ఒప్పుకోవాలని రక్షణ మంత్రి డగ్లస్ హార్క్‌నెస్, వద్దని విదేశాంగ మంత్రి హవర్డ్ గ్రీన్ పట్టుబట్టగా, ప్రధాని ఇద్దరి వాదనలూ వింటూ తీర్పును వాయిదా వేస్తూ వచ్చాడు. ఇతరులు తెచ్చిన సాక్ష్యంలో లోపాలు చూపడంలో ఆరితేరిన బుద్ధి, తానే తీర్పు చెప్పవలసిన ఆసనంలో తడబడింది. ద్రవ్యవిధానంపై విభేదించిన కేంద్ర బ్యాంకు గవర్నర్ జేమ్స్ కోయిన్‌ను 1961లో శాసనం ద్వారా తొలగించబోతే సెనేట్ ఆ బిల్లును తిరస్కరించింది. కోయిన్ తానే రాజీనామా చేశాడు గాని, బలవంతుడైన ప్రభుత్వాధినేత ఒంటరి అధికారిని వేటాడుతున్నాడన్న దృశ్యం ప్రజల కంటబడింది. జీవితమంతా రెండోవాని పక్షాన నిలిచినవాడు మొదటివాని వేషంలో కనిపించడం ఆయన ప్రతిష్ఠకు తగిలిన లోతైన గాయం.

1962 మేలో డాలరు విలువను 92.5 అమెరికా సెంట్ల వద్ద స్థిరపరచడం, నిరుద్యోగం, క్యుబెక్‌లో ఫ్రెంచివారికి అధికారంలో తగిన పాలు దక్కలేదన్న అసంతృప్తి కలిసి, జూన్ ఎన్నికల్లో పార్టీ బలాన్ని 116కు దించాయి. సభలో తక్షణ అనువాదం ప్రవేశపెట్టినా, జార్జ్ వానియేను తొలి ఫ్రెంచి కెనేడియన్ గవర్నర్ జనరల్‌గా నియమించినా, రెండు జాతుల భాగస్వామ్యంగా దేశాన్ని భావించే క్యుబెక్‌కు 'ఒకే కెనడా' నినాదం తమను కరిగించే పిలుపుగా వినిపించింది. వలసదారుని బిడ్డకు విమోచనగా తోచిన సమానత్వం, తన ప్రత్యేకతను కాపాడుకోవాలనుకున్న సమాజానికి ముప్పుగా తోచింది. ఈ వైరుధ్యాన్ని ఆయన చివరిదాకా గ్రహించలేదు. ఆ ఏడాది అక్టోబరులో క్యూబా సంక్షోభం తలెత్తినప్పుడు, అమెరికా అధ్యక్షుడు కెనెడీతో అంతకుముందే చెడిన సంబంధాల నడుమ, సైన్యాన్ని అప్రమత్తం చేసే ఆదేశాన్ని ఆయన జాప్యం చేశాడు. 1963 జనవరి చివర అమెరికా విదేశాంగ శాఖ ఆయన మాటలను బహిరంగంగా ఖండించింది. ఫిబ్రవరి 4న హార్క్‌నెస్ రాజీనామా చేశాడు. మర్నాడు ప్రభుత్వం పడిపోయింది. పరరాజ్యపు జోక్యాన్ని ఆయన ప్రతిఘటించిన తీరులో ఆత్మగౌరవం ఉంది. అయితే ఆ జోక్యానికి అవకాశమిచ్చినది ఆయన అనిశ్చితే.

ఏప్రిల్ ఎన్నికల్లో ఓడి ప్రతిపక్షానికి చేరగానే ఆయన గొంతు మళ్లీ పదునెక్కింది. 1964లో కొత్త పతాకంపై నెలల తరబడి సాగిన చర్చలో, బ్రిటిష్ చిహ్నంతో కూడిన ఎర్ర జెండాను విడనాడరాదని ఆయన పోరాడి ఓడిపోయాడు. 1965 ఫిబ్రవరి 15న మేపుల్ ఆకు పతాకం ఎగిరింది. పార్టీలో ఆయన నాయకత్వాన్ని సమీక్షించాలన్న పార్టీ అధ్యక్షుడు డాల్టన్ క్యాంప్ ఉద్యమం బలపడి, 1967 సెప్టెంబర్‌లో టొరాంటోలో జరిగిన మహాసభలో తొలి విడతలో ఆయనకు ఐదో స్థానం, 271 ఓట్లు మాత్రమే దక్కాయి. రాబర్ట్ స్టాన్‌ఫీల్డ్ నాయకుడయ్యాడు. పదవి పోయినా ఆయన, తర్వాతి కాలంలో తన నియోజకవర్గమైన ప్రిన్స్ ఆల్బర్ట్‌ను విడిచిపెట్టలేదు. ప్రిన్స్ ఆల్బర్ట్ కూడా ఆయనను విడిచిపెట్టలేదు. 1940 నుంచి 1979 దాకా వరుసగా పదమూడు ఎన్నికల్లో గెలిచి, సభ్యుడిగా ఉండగానే 1979 ఆగస్టు 16న ఒటావాలో మరణించాడు.

తన అంత్యక్రియల క్రమాన్ని ఆయన ముందే రాసి ఉంచాడు. దేశపు జెండాతో పాటు, తాను నిలబెట్టజూసి ఓడిపోయిన పాత ఎర్ర జెండాను కూడా శవపేటికపై కప్పారు. పడమటి దిక్కుగా సాగిన ఆ ప్రత్యేక రైలును చూడడానికి దారి పొడవునా స్టేషన్లలో జనం గుమిగూడారు. సస్కటూన్‌లో విశ్వవిద్యాలయ ఆవరణలో, సౌత్ సస్కాచువాన్ నది కనిపించే చోట ఆయనను ఖననం చేశారు. ఆ నదికే అడ్డుకట్ట వేసి ఆయన పాలనలో ఆరంభమైన జలాశయానికి ఆయన పేరే ఉంది. ప్రభుత్వాన్ని నడపడంలో ఆయన పొరపాట్లను చరిత్ర క్షమించనక్కరలేదు. కాని తొలిసారి ఓటు వేసిన ఆదివాసికీ, జాతిని బట్టి కాక అర్హతను బట్టి ప్రవేశం పొందిన వలసదారుకూ, సర్కారును న్యాయస్థానానికి ఈడ్చగలిగిన పౌరునికీ ఆయన మంచి వకీలే. అధికారంలో ఉన్న దాదాపు ఆరేళ్లలో, ఆ కక్షిదారులను గుర్తుపెట్టుకున్నప్పుడు ఆయన గొప్పవాడు. తన ప్రభుత్వాన్నే ముద్దాయిగా భావించి దానినే సమర్థించుకోవడానికి శక్తినంతా వెచ్చించినప్పుడు ఓడిపోయాడు.